ఎవరూ కొనని లేసు

కరోనా తగ్గి బళ్లు తెరిచిన కొత్తలో టీచర్లందరికీ మూడు రోజుల ట్రైనింగు పెట్టారు. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. తణుకులో ఒక హాల్లో, ఫ్యాన్లు తిరిగీ తిరగనట్టు తిరుగుతుంటే, ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి మాకు నవ్వడం నేర్పించారు. వేళాకోళానికి అనడం లేదు, నిజంగానే నేర్పించారు. "అందరూ లేచి నిలబడి, చేతులు పైకెత్తి, గట్టిగా నవ్వండి" అన్నాడు పాఠం చెప్పడానికి వచ్చిన కుర్రాడు. నా పక్కన కూర్చున్న సైన్సు టీచరు భర్త ఆ ముందు వేసవిలోనే కరోనాతో పోయాడు. ఆవిడ లేచి నిలబడింది, చేతులెత్తింది, నోరు తెరిచింది. నవ్వు మాత్రం రాలేదు. "మేడమ్, ఇంకొంచెం ఎనర్జీ!" అన్నాడు ఆ కుర్రాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, నేనూ కూర్చున్నాను.

భోజనాలయ్యాక తెర మీద ఒక ఫోటో వేశారు. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, వాళ్ల చేతుల్లో లేసు సూదులు, తెల్ల దారం. రెండేళ్లు పెన్ను పట్టని పిల్లల వేళ్లకి ఇది మంచి వ్యాయామమట, మనసుకి కుదురట. ప్రతి స్కూలూ వారానికి రెండు పీరియడ్లు ఈ పని చేయించాలట. వచ్చే శనివారంలోగా ఫోటో తీసి ఫోన్లో అప్‌లోడ్ చెయ్యాలట, చెయ్యని స్కూలు సంజాయిషీ ఇచ్చుకోవాలట. చుట్టూ అందరూ తలలు వంచుకుని నోట్సు రాసుకుంటున్నారు. నేను పెన్ను మూసేశాను. సరిగ్గా ఈ పనే చేయించినందుకు మా సుభద్ర టీచరుగారిని మా ఊరి బడి నుంచి వెళ్లగొట్టారు. వెళ్లగొట్టడానికి ఆధారంగా చూపించిన కాగితం మీద సంతకం నాది.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులైనా సరిగ్గా విప్పకుండా బీరువా మీద ఉన్న బిస్కెట్ల డబ్బా దింపాను. అది మా మామ్మది, అంటే నాన్నగారి అమ్మది. ఆవిడ పోయాక చీరలు మా అత్తలు పంచుకున్నారు, డబ్బా నేను అడిగి తెచ్చుకున్నాను. మూత తీయగానే కర్పూరం కలిపిన కొబ్బరి నూనె వాసన, ఇన్నేళ్లయినా పోలేదు. పైన నాలుగు లేసు సూదులు, ఒక పౌడరు డబ్బా, పాత నమూనా పువ్వులు రెండు. అడుగున పాత గుడ్డలో చుట్టి, కొబ్బరికాయంత ఉండ. తెల్లగా ఉండాల్సిన దారం గోధుమ రంగుకి తిరిగింది. మధ్యమధ్యలో ఎర్ర దారంతో చిన్న చిన్న ముడులు. దాన్ని చేతిలోకి తీసుకున్నాను గానీ విప్పబుద్ధి కాలేదు.

మాది నరసాపురం పక్కన, కాలవ గట్టు మీద ఊరు. మా వైపు ఆడవాళ్లు వంట ఎంత మామూలుగా చేస్తారో లేసు అంత మామూలుగా అల్లుతారు. మామ్మ తెల్లవారి పాలు కాచి, కాఫీలిచ్చి, అంట్లు తోమి, ఆ తర్వాత రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కునేది. తెల్ల దారానికి మసి అంటితే లేసు కొనే షావుకారు ఆ ముక్క తీసుకోడు. చేతులు ఆరాక వేళ్లకి ఇంత పౌడరు రాసుకుని, ఒళ్లో ఉతికిన తువ్వాలు పరుచుకుని, దారపు ఉండని ఇత్తడి చెంబులో పడేసి వీధరుగు మీద కూర్చునేది. ఇక ఆ సూది ఆగేది కాదు. కూరగాయల బండివాడితో బేరమాడుతున్నా, నన్ను తిడుతున్నా, ఆవిడ కళ్లు మా మీదే ఉండేవి, వేళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోయేవి. పువ్వులు అల్లడాన్ని చేతిపని అంటారు. అల్లిన పువ్వుల్ని ఒకదానికొకటి కలిపి పెద్ద గుడ్డగా చెయ్యడం అతుకుపని. మామ్మకి అతుకుపనిలో పేరుండేది. పది మంది పది రకాలుగా అల్లిన పువ్వులైనా ఆవిడ కలిపితే అన్నీ ఒక చేతివే అనిపించేవి. సంతకం మాత్రం రాదు, వేలిముద్రే.

నేను పదో తరగతిలో ఉన్న ఏడాది వానాకాలంలో చికున్‌గున్యా వచ్చింది. కరోనాలా మనుషుల్ని ఎత్తుకుపోలేదు గానీ, ఊరినంతా మంచాన పడేసింది. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గేది. కీళ్ల నొప్పులు మాత్రం నెలల తరబడి వదిలేవి కావు. తెల్లవారి లేస్తే కాళ్లు నేల మీద ఆనేవి కావు, పిడికిలి మూసుకునేది కాదు. అమ్మ చీపురు పట్టలేక వాకిలి ఊడవడం మానేసింది. నాన్నగారు చెంబుడు నీళ్లు రెండు చేతులతో ఎత్తి తాగేవారు. వీధిలో చిన్నా పెద్దా అందరూ ఒకే రకంగా, నడుం వంచి, కాళ్లు ఈడ్చుకుంటూ నడిచేవారు. ఇంటింటా నొప్పుల మందు వాసన, సాయంత్రమైతే వేపాకు పొగ. బడి మూసెయ్యమని ఎవరూ ఆర్డరు వెయ్యలేదు. తలుపు తాళం తియ్యగలిగిన మనిషి లేక అదే మూతపడింది.

మళ్లీ తెరిచేసరికి అర్ధసంవత్సర పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి. తెరిచిన మర్నాడే పైనుంచి కాగితం వచ్చింది, పోయిన పాఠాలన్నీ నెల రోజుల్లో పూర్తి చెయ్యాలి, వారం వారం స్లిప్ టెస్టు పెట్టి మార్కులు పంపాలి అని. కాగితం రాసినవాళ్లకి జ్వరం రాలేదో, వచ్చినా వాళ్ల బదులు రాసిపెట్టేవాళ్లు ఉన్నారో నాకు తెలియదు. మా క్లాసులో ముప్ఫై ఎనిమిది మందిమి. అందులో పట్టుమని పది మంది కూడా పేజీ నిండా రాయలేకపోయేవాళ్లం. పెన్ను పట్టుకుంటే బొటనవేలి మొదట్లోంచి మోచేతి దాకా జివ్వుమని లాగేది. నొప్పి అంటే బద్ధకం అనుకుంటారని కొందరు బడికి రావడమే మానేశారు. అందులో నేనూ ఒకదాన్ని. క్లాసు లీడర్ని, మార్కుల్లో మొదటిదాన్ని, ఖాళీ కాగితం ఇవ్వడం నాకు నామోషీగా ఉండేది.

నాలుగో రోజు సుభద్ర టీచరుగారు మా ఇంటికి వచ్చారు. ఆవిడ మా లెక్కల టీచరు. పొడవుగా, సన్నగా, ఎప్పుడూ నేత చీరలో ఉండేవారు. సుద్దముక్కతో బోర్డు మీద వృత్తం గీస్తే మళ్లీ వృత్తలేఖిని అక్కర్లేదని మా హెడ్మాస్టరుగారు అనేవారు. రోజూ సైకిలు మీద వచ్చే మనిషి ఆ రోజు నడిచి వచ్చారు, చేతులతో బ్రేకు పట్టలేక. మేము అప్పుడు అరుగు మీదే ఉన్నాం. మామ్మ బాణలిలో తవుడు వేయించి, గుడ్డలో మూట కట్టి నా వేళ్లకి కాపడం పెడుతోంది. తవుడు వేగితే తియ్యటి వాసన వస్తుంది, ఆకలి వేసే వాసన. కాపడం అయ్యాక నా చేతిలో లేసు సూది పెట్టి, "ఊఁ, అల్లు" అంటోంది.

"నొప్పే మామ్మా!"

"నొప్పని మానేత్తే ఏళ్లు అలాగే బిగుసుకుపోతాయే. పువ్వులేం అల్లక్కర్లేదు. ఉత్త గొలుసు అల్లు. ఒక కన్నంలోంచి దారం లాగు, ఇంకో కన్నంలోంచి లాగు, అంతే. నా ఏళ్లేవన్నా బాగున్నాయా? నేనలాగే దారికి తెచ్చుకున్నాను."

టీచరుగారు అరుగు అంచున కూర్చుని కాసేపు చూశారు. నన్ను బడికి ఎందుకు రాలేదని ఒక్క మాట అడగలేదు. చీర కొంగు కింద దాచుకున్న చేతులు రెండూ బయటికి తీసి మామ్మ ముందు చాపారు. కుడిచేతి మధ్యవేలు వంగకుండా కర్రలా నిలబడిపోయి ఉంది.

"నాక్కూడా కాస్త పెట్టండమ్మా" అన్నారు.

మామ్మ కంగారుపడిపోయింది. టీచరుగారి చేతులు ముట్టుకోవచ్చో కూడదో తేల్చుకోలేక ఒకసారి నా వైపు చూసింది. తర్వాత తవుడు మళ్లీ వేడి చేసుకొచ్చి, ఆ వేళ్ల మీద మెల్లగా అద్దుతూ, "ఇంత నొప్పితో బోర్డు మీదెలా రాత్తన్నారండి?" అంది.

"రాయడం లేదండి. నేను చెప్తుంటే పిల్లల్లో ఎవరో ఒకరు లేచి రాస్తున్నారు. సెలవడిగితే, జ్వరం తగ్గిందిగా, ఇంకా సెలవేంటి అంటున్నారు." అని, తవుడు మూట వైపు చూసి, "రేపు మీరు బడికి రండమ్మా" అన్నారు.

"నేనాండి? బడికా? నాకు సంతకమైనా రాదండి బాబూ."

"సంతకాలతో పనేముందండి? అక్కడ ముప్ఫై ఎనిమిది మంది పిల్లల చేతులున్నాయి. నావి ముప్ఫై తొమ్మిది."

మర్నాడు మామ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, బస్తాడు తవుడు నాన్నగారి సైకిలుకి కట్టించుకుని బడికి వచ్చింది. వరండా వెనక మూడు ఇటుకలు పెట్టి పొయ్యి వేసింది. రోజూ మొదటి పీరియడు లెక్కలది, అది ఇక చేతుల పీరియడు. ముందు కాపడం, తర్వాత సూదులు. సూదులు మా పేటలో ఇంటికొకటి చొప్పున మామ్మే అడిగి తెచ్చింది, తెగిపోయి పనికిరాని దారం ఉండలూ తెచ్చింది. మగపిల్లలు మొదట సిగ్గుపడి చచ్చారు. లేసు మా వైపు ఆడవాళ్ల పని, మగాడు సూది పడితే పదేళ్లు చెప్పుకుని నవ్వుతారు. ఆ సిగ్గు పోగొట్టినవాడు సత్తిబాబు. వాళ్లు చేపలు పట్టేవాళ్లు, వాడు చిన్నప్పట్నుంచీ వల అల్లుతాడు. "ఏం బాబూ, నువ్వు అల్లుతావా?" అని మామ్మ అడిగితే, "ఆయ్, వలల్లేవోడికి ఇదేవన్నా కష్టమాండి? కన్నాలు చిన్నయ్యి, అంతే" అని కూర్చున్నాడు. వాడి గొలుసు నా గొలుసు కన్నా బాగుండేది, నాకు కుళ్లుగా ఉండేది.

ఆ గంటలో టీచరుగారు ఊరికే ఉండేవారు కాదు. కళ్లు సూది మీద ఉన్నా చెవులు ఖాళీయే కదా అని నోటి లెక్కలు అడిగేవారు. ఆవిడ కూడా మాతోపాటే బెంచీ మీద కూర్చుని అల్లేవారు. మధ్యవేలు సహకరించక ఆవిడ గొలుసులో కన్నాలన్నీ ఒక పక్కకి వాలిపోయేవి. "టీచరుగారూ, మీది మళ్లీ చెయ్యాలండి" అని మామ్మ నిష్కర్షగా చెప్పేది, ఆవిడ "అలాగేనండి" అని విప్పేవారు. టీచరు చేత తప్పులు దిద్దించే మనిషిని మేము అంతవరకూ చూడలేదు. బడి మానేసిన పిల్లలు ఆ ముచ్చట చూడటానికే ఒక్కొక్కరూ తిరిగి రావడం మొదలుపెట్టారు. పది రోజులయ్యేసరికి ముప్ఫై ఎనిమిది మందిమీ ఉన్నాం.

వారమంతా ఎవరు అల్లిన ముక్క వాళ్లు శనివారం మామ్మకి ఇవ్వాలి. ఆవిడ ఇంటికి తీసుకెళ్లి అన్నిటినీ వరసగా అతికేది. ఎవరిది ఎక్కడ మొదలయ్యిందో తెలియాలని అతుకు అతుక్కీ ఎర్ర దారం ముడి వేసేది. తర్వాతి శనివారం ఆ గొలుసుని తెచ్చి వరండా స్తంభాల మీదుగా కట్టి కొలిచేవాళ్లం. మొత్తం పద్నాలుగు స్తంభాలు. గొలుసు పద్నాలుగో స్తంభానికి చేరిన రోజున సుద్దముక్క తనే పట్టుకుని బోర్డు మీద రాస్తానని టీచరుగారు మాకు మాటిచ్చారు. మొదటి శనివారం మూడు స్తంభాలు దాటింది. రెండోసారికి ఏడు. మూడోసారికి పదకొండు. ఆ వారం నేను మొదటిసారి ఒక పేజీ నిండా నొప్పి లేకుండా రాశాను. పేజీ తీసుకెళ్లి చూపిస్తే టీచరుగారు మార్కులు వెయ్యలేదు, నా వేళ్లు ఒక్కొక్కటీ వంచి చూసి సంతోషించారు.

ఆ మూడో శనివారమే, గొలుసు ఇంకా స్తంభాల మీద ఉండగానే, తనిఖీకి ఆఫీసరుగారు వచ్చారు. జీపు దిగి వరండా ఎక్కుతూ ఆ గొలుసుని చేత్తో పక్కకి తోసి వంగి లోపలికి వచ్చారు. చేత్తో తోశారు. ఇది నాకు బాగా గుర్తు, ఎందుకంటే దాన్ని ఆయన ముట్టుకున్నది ఆ ఒక్కసారే. క్లాసులో ఇరవై మంది మగపిల్లలు సూదులు పట్టుకుని కూర్చున్నారు. మామ్మ తవుడు మూటతో గుమ్మంలో ఉంది.

"ఇది లెక్కల పీరియడేనా?" అన్నారు ఆయన.

"అవునండి. పిల్లలు పెన్ను పట్టుకోలేకపోతున్నారండి, అందుకని..."

"జ్వరం తగ్గిందిగా? స్లిప్ టెస్టు మార్కులేవి?"

"ఇంకా పెట్టలేదండి. చేతులు కాస్త..."

ఆయన టీచరుగారి మాట పూర్తి కానివ్వలేదు. హెడ్మాస్టరుగారి వైపు తిరిగితే ఆయన కండువా సర్దుకుంటూ "ఆయ్, నాకంతగా తెలీదండి" అన్నారు. రోజూ తొమ్మిదిన్నరకి వచ్చి ఆ పొయ్యి దగ్గరే తన మోకాళ్లకి కాపడం పెట్టించుకున్న పెద్దమనిషి! మామ్మ నోరు తెరిచి ఏదో చెప్పబోయింది. "మీరు బయటికెళ్లండి" అన్నారు ఆఫీసరుగారు.

తర్వాత క్లాసు లీడరెవరని అడిగి నన్ను ఆఫీసు గదిలోకి పిలిపించారు. నేను గర్వంగానే వెళ్లాను. ఆయన మూడు ప్రశ్నలు అడిగారు.

"ఇవన్నీ అల్లాక ఎవరు తీసుకెళ్తారు?"

"మా మామ్మండి."

"మీ మామ్మ ఏం చేస్తారు?"

"లేసు పనండి."

"అల్లిన లేసు ఎవరికిస్తారు?"

"నరసాపురం షావుకారికండి."

మూడూ నిజాలే. తడబడకుండా, పూర్తి వాక్యాల్లో, పరీక్షలో చెప్పినట్టు చెప్పాను. ఆయన వరసగా రాసుకుని కాగితం నా వైపు తిప్పారు. నేను సంతకం చేశాను. అప్పుడప్పుడే మళ్లీ తిన్నగా వస్తున్న నా చేతిరాత మీద మోజుతో సంతకం కింద రెండు గీతలు కూడా కొట్టాను. ఎందుకు అల్లుతున్నారు అన్న ప్రశ్న ఆయన అడగలేదు. అడగని ప్రశ్నకి జవాబు చెప్పకూడదని మాకు బడిలోనే నేర్పారు.

పది రోజుల్లో ఆర్డరు వచ్చింది. పాఠాలు మాని పిల్లల చేత లేసు పని చేయించి, బయటి మనిషి ద్వారా వ్యాపారికి చేరవేశారట. పిల్లల చేత పని చేయించడం నేరమట. అవును, నేరమే. మా పేటలో ఎనిమిదో ఏటి నుంచీ లేసు అల్లుతూ బడి మొహం చూడని ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారో ఆ జీపు ఏనాడూ ఆగి అడిగింది లేదు. వాళ్ల దగ్గర ఆగని చట్టం వచ్చి వచ్చి మా టీచరుగారి దగ్గర ఆగింది. ఆవిడని కాలవలూ రేవులూ దాటి వెళ్లాల్సిన ఒక లంక ఊరికి బదిలీ చేశారు, పదో తరగతి పరీక్షలు నాలుగు నెలలుండగా. చేతులతో రెయిలింగు పట్టుకోలేని మనిషి రోజూ రేవు దాటించే పంటు ఎక్కాలి, దిగాలి.

వెళ్లే రోజు ఆఖరి పీరియడుకి క్లాసుకి వచ్చారు. ఆవిడ సుద్దముక్క తీసుకున్నారు. వేళ్లతో పట్టు దొరక్క అరచేతిలో పెట్టుకుని, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, బోర్డు మీద రాశారు. గొలుసు ఇంకా పదకొండో స్తంభం దగ్గరే ఉంది, అయినా రాశారు. వంకరటింకర అక్షరాలతో మర్నాటి హోంవర్కు, రెండు లెక్కల నంబర్లు. దిద్దడానికి తను ఉండనని ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు. సత్తిబాబు బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నేను ఏడవలేదు. నాకు అప్పటికి ఆ కాగితం సంగతి అర్థమైంది, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మామ్మ ఆ తర్వాత బడి వైపు వెళ్లలేదు. మిగిలిన తవుడు గేదెకి పెట్టేసింది. "నా మూలానే ఆవిడకి మాటొచ్చింది" అని ఆరు నెలలు అనుకుంది. నాది తప్పని నేను చెప్పలేదు, చెప్పే ధైర్యం రాలేదు. ఆవిడ పోయేదాకా చెప్పలేదు.

కొత్త లెక్కల టీచరుని వెయ్యలేదు. ఆ సంగతి మాత్రం ఎవరూ తనిఖీ చెయ్యలేదు. కానీ మూడో వారం నుంచి ప్రతి సోమవారం నా పేరు మీద పోస్టులో ఒక కవరు రావడం మొదలైంది. లోపల నాలుగైదు ఠావులు, ఒక్కో అధ్యాయం లెక్కలన్నీ చేసి ఉండేవి. మొదటి కవర్లో అక్షరాలు చిన్నపిల్లలు రాసినట్టు పెద్దవిగా, వాలిపోయి ఉండేవి. నేను వాటిని క్లాసులో బోర్డు మీద ఎక్కించేదాన్ని, మిగతావాళ్లు రాసుకునేవాళ్లు. వారం వారం ఆ అక్షరాలు కాస్త కాస్త నిలబడ్డాయి. మార్చి నాటికి వృత్తాలు గుండ్రంగా వచ్చాయి. మా క్లాసు గట్టెక్కింది ఆ కవర్లతో. నేను లెక్కల టీచరునైందీ వాటితోనే. ఉద్యోగం వచ్చినప్పుడు ఫోన్ చేసి చెప్పాను. వెళ్లి కలవడానికి మాత్రం మొహం చెల్లలేదు.

ట్రైనింగు ముగిసిన మర్నాడు ఆదివారం. గొలుసు సంచిలో పెట్టుకుని మండపేట బస్సెక్కాను. టీచరుగారు రిటైరై చెల్లెలి దగ్గర ఉంటున్నారు. జుట్టంతా తెల్లబడింది, చీర అదే నేత చీర. కాఫీ తనే తెచ్చిచ్చారు, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని. నేను గొలుసు ఉండని ఆవిడ ఒళ్లో పెట్టాను. ఒక ఎర్ర ముడి నుంచి ఇంకో ఎర్ర ముడికి వేళ్లతో తడుముకుంటూ వెళ్లి, ఒక చోట ఆగారు. కన్నాలన్నీ పక్కకి వాలిపోయిన చోటు.

"ఇదిగో, ఇది నాది. మీ మామ్మగారు విప్పమనకుండా వదిలేసిన ముక్క ఇదొక్కటే" అని నవ్వారు. "ఇంత వంకర లేసు ఏ షావుకారు కొంటాడే?"

"ఎవడూ కొనడండి. ఆ ఆఫీసరుగారు ఒక్కసారి చేత్తో పట్టుకుని చూస్తే తెలిసేది."

ఇక ఆగలేక కాగితం సంగతి చెప్పేశాను. మూడు ప్రశ్నలూ, మూడు జవాబులూ, సంతకమూ. ఆవిడ తల ఎత్తకుండా విన్నారు.

"తెలుసమ్మా. వివరణ ఇమ్మన్నప్పుడు ఆ కాయితం నాకు చూపించారుగా. సంతకం కింద రెండు గీతలు కూడా కొట్టావు."

"తెలిసీ కవర్లు నా పేరు మీద పంపారాండి?"

"తెలిసే పంపాను. నీకెప్పుడోకప్పుడు అర్థమవుతుంది కదా. అర్థమయ్యాక నువ్వు మళ్లీ బడికి రావడం మానేస్తావేమోనని భయమేసింది. సోమవారం సోమవారం కవరొస్తుంటే, అది బోర్డు మీద ఎక్కించడానికైనా వెళ్తావు కదా అనుకున్నాను."

ఆఫీసరుగారి మీద కోపం లేదా అంటే, ఆయన పేరు కూడా గుర్తులేదన్నారు. ఆవిడకి గుర్తులేకపోవచ్చు, నాకు ఉంది. పేరూ ఉంది, జీపు రంగూ ఉంది, గొలుసుని పక్కకి తోసిన ఆ చెయ్యీ గుర్తుంది. పిల్లల చేతులు ఆవిడ చూశారు, ఆయన మార్కులు చూశారు. ఇప్పుడు వచ్చినవాళ్లు ఫోటోలు చూస్తున్నారు. అప్పుడు నేరమైంది ఇప్పుడు ఆర్డరైంది, మధ్యలో తప్పైందని ఒక్క మాట ఒక్కరైనా అన్నారా? ఆ ఆర్డరు ఇప్పటికీ ఆవిడ సర్వీసు రిజిస్టరులో అలాగే ఉంది.

బయల్దేరే ముందు ఆవిడ చేతుల్లో ఆ గొలుసు పెట్టి ఫోన్తో ఫోటో తీశాను. వంగని మధ్యవేలు, వంకర కన్నాలు, ఎర్ర ముడులు, అన్నీ స్పష్టంగా వచ్చాయి. సోమవారం మా స్కూలు పేరు మీద అదే అప్‌లోడ్ చేశాను. వివరాలు రాయమన్న చోట మా పదో తరగతి ముప్ఫై ఎనిమిది మంది పేర్లూ హాజరు వరసలో రాశాను. కింద మామ్మ పేరూ, టీచరుగారి పేరూ రాశాను. సాయంత్రానికి ఫోన్లో మెసేజి వచ్చింది, ఫోటోలో పిల్లలు లేరు, మళ్లీ పంపండి అని.

పిల్లలు లేరట. ఆ ముడికీ ఈ ముడికీ మధ్య మేము కాక ఇంకెవరున్నారు?